తోక ముందుకు రావాలని చూస్తుంది

గాలి ఎటుందో చూపే గుడ్డ గొట్టం, విండ్‌సాక్, ఆరేసిన తువ్వాలులా వేలాడుతోంది. గాలి లేదు, రన్‌వే పొడిగా ఉంది. విమానం మూడు చక్రాల మీదా ఒకేసారి, నేలను తాకినట్టు కూడా తెలియకుండా వాలింది. హమ్మయ్య అనుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

ముక్కు కొంచెం ఎడమకి జరిగింది. ముక్కుని పక్కలకి తిప్పే రెండు పెడల్స్‌లో కుడిది తొక్కాను. ముక్కు మధ్యకి వచ్చింది, కానీ అక్కడ ఆగకుండా కుడికి వెళ్ళిపోయింది. ఎడమ పెడల్ గట్టిగా తొక్కాను. ఈసారి ఎడమకి ఇంకా ఎక్కువ తిరిగింది. ముందు సీట్లో ఉన్న ఇన్‌స్ట్రక్టర్ అందుకున్నాడు కాబట్టి రన్‌వే పక్కన గడ్డిలో క్షేమంగా ఆగాం. ఇంజిన్ టకటకమంటూ ఆడుతూనే ఉంది. ఆయన వెనక్కి తిరిగి, ‘ఎందుకైందంటావ్?’ అని అడిగాడు.

‘గాలి కొట్టిందేమో’ అన్నాను.

ఆయన విండ్‌సాక్ వైపు చూశాడు. నేనూ చూశాను. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

అప్పటికి నాకు సెస్నా 172 అనే చిన్న విమానం మీద రెండు వందల గంటల పైనే అనుభవం ఉంది. టెక్సాస్‌లో ఐటీ ఉద్యోగం చేసుకుంటూ, శనాదివారాల్లో నేర్చుకుని ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నవాణ్ణి. ఆ రోజు గడ్డిలోకి పోయిన పాత పైపర్ కబ్, అంటే తోక కింద చిన్న చక్రం ఉండే టెయిల్‌వీల్ విమానం, దాని ముందు ఆ రెండు వందల గంటలు ఎందుకు అక్కరకు రాలేదో అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. టెయిల్‌వీల్ గురించి పైలట్ల దగ్గర వినే మాటల్లో సగం బెదిరింపులు, సగం గొప్పలు. ‘అది నడిపినవాడే అసలు పైలట్’ అనేవాళ్ళు కొందరు, ‘కాలం చెల్లిన తలనొప్పి’ అని కొట్టిపారేసేవాళ్ళు కొందరు. ఈ గోలంతా పక్కన పెడితే లోపల ఉన్నది ఒక్కటే సంగతి. అది పట్టుబడితే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి.

బరువు ఎక్కడుంది?

చిన్న విమానాల్లో ఎక్కువ వాటికి పెద్ద చక్రాలు రెండు, చిన్న చక్రం ఒకటి ఉంటాయి. చిన్నది ముక్కు కింద ఉంటే ట్రైసికిల్ గేర్, లేదా నోస్‌వీల్. మన ఆటో లాంటి అమరిక. చిన్నది తోక కింద ఉంటే టెయిల్‌వీల్. తోక ఈడ్చుకుంటూ పోతుంది కాబట్టి టెయిల్‌డ్రాగర్ అని కూడా పిలుస్తారు. తమాషా ఏమిటంటే దీనికి పుస్తకాల్లో పేరు ‘కన్వెన్షనల్ గేర్’, అంటే మామూలు రకం. ఒకప్పుడు దాదాపు అన్నీ ఇవే కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు మామూలుది కానిది ఇదే అయినా పేరు మారలేదు.

విమానం బరువంతా ఒక బిందువు దగ్గర ఉందనుకుందాం. నోస్‌వీల్ విమానంలో ఆ బిందువు పెద్ద చక్రాలకి కొంచెం ముందుండాలి, లేకపోతే వెనక్కి పడి తోక మీద కూర్చుంటుంది. టెయిల్‌వీల్ విమానంలో పెద్ద చక్రాలకి వెనక ఉండాలి, లేకపోతే ముందుకి పడి ప్రొపెల్లర్ నేలలో గుచ్చుకుంటుంది. దీన్ని డిజైన్‌లో లోపం అనడానికి లేదు. చిన్న చక్రాన్ని ఎక్కడ పెట్టామో అక్కడే బరువు ఎటుండాలో తేలిపోయింది.

ఇప్పుడు షటిల్ కాక్‌ని తలుచుకోండి. బరువైన బెండు ముందు, ఈకలు వెనక. ఈకలు ముందుకు పెట్టి విసిరి చూడండి. రెండు అడుగులు పోకముందే అది గాల్లోనే పల్టీ కొట్టి బరువుని ముందుకి తెచ్చుకుంటుంది. వెనక్కి లాగేది వెనకుండాలి, బరువు ముందుండాలి. దారి కుదురుగా సాగేది అప్పుడే.

నేల మీద పరుగెత్తే విమానానికి ఆ ఈకలు టైర్లు. నేలను పట్టుకుని వెనక్కి లాగేవి అవే. నోస్‌వీల్‌లో బరువు ముందు, పెద్ద టైర్లు వెనక. సరైన షటిల్ కాక్. కాస్త వంకరగా దిగినా టైర్లు ‘కీచ్’మని అరిచి, విమానాన్ని తామే తిన్నగా చేస్తాయి. టెయిల్‌వీల్‌లో టైర్లు ముందు, బరువు వెనక. తిరగేసి విసిరిన షటిల్ కాక్. కాస్త వంకర పడిందంటే ఆ వంకరని పెంచుకుంటూ పోతుంది. వెనకున్న బరువుకి ముందుకి రావాలని ఆత్రం, దానితోపాటు తోకా వస్తుంది. ఆపేవాడు లేకపోతే విమానం గిర్రున తిరిగి వచ్చిన దారికే ముఖం పెడుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. నడక వేగంలో అయితే సిగ్గుతో పోతుంది. వేగం మీద అయితే బయటివైపు రెక్క నేలకి తగులుతుంది, చక్రాల కాళ్ళు పక్కకి మడతపడతాయి, ఒక్కోసారి ప్రొపెల్లర్ కూడా నేలకి కొట్టుకుంటుంది. ప్రొపెల్లర్ కొట్టుకుందంటే ఇంజిన్ విప్పి చూడాల్సిందే, ఆ బిల్లు చూస్తే రెక్క సంగతి మర్చిపోతాం.

కారుని రివర్స్‌లో వేగంగా నడిపినవాళ్ళకి ఇది కొంత తెలుసు. ముందుకి వెళ్ళేటప్పుడు స్టీరింగ్ వదిలితే తనంతట తాను తిన్నగా అవుతుంది. రివర్స్‌లో వదిలితే తనంతట తాను పక్కకి లాక్కుపోతుంది.

కోణం కాదు, తిరుగుడు

అయితే నాకు గడ్డిలో జరిగింది దీంతోనే పూర్తిగా అర్థం కాదు. ముక్కు ఎడమకి పోతే కుడి పెడల్ తొక్కాను కదా, అది సరైన పెడలే. మరెందుకు పక్కకి పోయింది?

చిన్నప్పుడు చీపురు కట్టనో కర్రనో అరచేతి మీద నిలబెట్టి ఆడినవాళ్ళకి జవాబు తెలిసే ఉంటుంది, మాటల్లో చెప్పలేకపోవచ్చు. కర్ర బాగా ఒరిగాక చెయ్యి జరిపితే పడిపోతుంది. ఒరగడం మొదలైన క్షణంలోనే జరపాలి, అదీ కొంచెమే. కర్ర తిన్నగా అయ్యేలోపే చెయ్యి మళ్ళీ వెనక్కి రావాలి, లేకపోతే అటువైపు పడుతుంది. అంటే చెయ్యి పట్టించుకునేది కర్ర ఎంత ఒరిగిందన్నది కాదు, ఎంత వేగంగా ఒరుగుతోందన్నది.

నోస్‌వీల్‌లో నా కాళ్ళు నేర్చుకున్నది వేరు. ముక్కు మధ్యగీత నుంచి పక్కకి పోయిందా, పెడల్ తొక్కి పట్టు, మధ్యకి వచ్చాక వదులు. అది కోణాన్ని చూసి చేసే దిద్దుబాటు. కుదురైన విమానంలో చెల్లుతుంది, ఎందుకంటే మిగతాది విమానమే చూసుకుంటుంది. కబ్‌లో అలా తొక్కి పడితే ముక్కు మధ్యకి వచ్చే సమయానికి మంచి ఊపు మీద ఉంటుంది. ఆ ఊపు ఆపడానికి వ్యతిరేక పెడల్ మధ్యకి రాకముందే పడాలి. నేను మధ్యకి వచ్చాక కాలు తీశాను. ఆలస్యమైంది కాబట్టి రెండోసారి గట్టిగా తొక్కాను, గట్టిగా తొక్కాను కాబట్టి రెండో ఊపు పెద్దదైంది. మూడు ఊపుల్లో గడ్డిలోకి. గాలికి ఇందులో వాటా ఏమీ లేదు, పని మొత్తం నా కాళ్ళదే.

అందుకే టెయిల్‌వీల్ పైలట్ కాళ్ళు చూస్తే కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు ఉంటాయి. కుడి, ఎడమ, కుడి, చిన్న చిన్న తాకుడులు. తొక్కడం, వెంటనే వదలడం. మా ఇన్‌స్ట్రక్టర్ పదేపదే చెప్పిన మాట ఒక్కటే: ‘పట్టుకోకు, తట్టు.’ రెండో రోజు నా బూట్లు కూడా మార్పించాడు. మందపాటి అట్ట ఉన్న స్పోర్ట్స్ షూ వేసుకుంటే పెడల్ కింద ఏం జరుగుతోందో పాదానికి తెలియదు. కబ్‌లో బ్రేకులు కూడా మడమలతో నొక్కాలి, రడ్డర్‌ని, అంటే తోక మీది నిలువు పలకని, తిప్పే పెడల్స్ కింద రెండు చిన్న బిళ్ళల్లా ఉంటాయి. పెద్ద బూటుతో రడ్డర్ అనుకుని బ్రేక్ తొక్కినవాళ్ళ కథలు ప్రతి చిన్న ఎయిర్‌పోర్ట్‌లోనూ వినిపిస్తాయి.

హైదరాబాద్‌లో మా నాన్నగారి స్నేహితుడు ఒకాయన కుర్రతనంలో ఫ్లయింగ్ క్లబ్‌లో పుష్పక్ అనే టెయిల్‌వీల్ విమానం నడిపారు. ఫోన్‌లో నా ఘనకార్యం చెబితే, ‘కాళ్ళు నొప్పులు పుట్టాయా?’ అన్నారు.

‘లేదండీ.’

‘అయితే నువ్వింకా మొదలుపెట్టలేదు నాయనా.’

రడ్డర్ ఎప్పుడు వదిలేస్తుంది?

ఇంకో చిక్కు ఉంది, ఇది కొత్తవాళ్ళకి ఎవరూ ముందు చెప్పరు. దిగేటప్పుడు ఎక్కువ వేగంలోనే ప్రమాదం ఎక్కువ అనుకుంటాం. నేను ఊపిరి వదిలింది కూడా అందుకే, వేగం తగ్గింది కదా అని.

రడ్డర్‌కి బలం దాని మీదుగా పోయే గాలి వల్ల వస్తుంది. ఆ బలం వేగానికి వర్గంలో ఉంటుంది, అంటే వేగం సగమైతే బలం పావు వంతుకి పడిపోతుంది. కబ్ దాదాపు గంటకి 60 కిలోమీటర్ల దగ్గర నేలని తాకుతుంది. 30కి వచ్చేసరికి రడ్డర్‌లో నాలుగో వంతే మిగులుతుంది. తోక చక్రానికి స్టీరింగ్ ఉన్నా అది స్ప్రింగుల ద్వారా పనిచేసే చిన్న చక్రం, మీద బరువు ఉంటేనే పట్టు ఉంటుంది. అందుకే స్టిక్‌ని, అంటే ముక్కుని పైకీ కిందికీ ఆడించే కర్రని, పొట్టకి ఆనేదాకా వెనక్కి లాగి పట్టుకోమంటారు, తోకని నేలకి అదమడానికి. ఈ రెండింటికీ మధ్య, రడ్డర్ నీరసపడుతూ తోక చక్రం ఇంకా పూర్తిగా పట్టు దొరకబుచ్చుకోని ఆ కొద్ది సెకన్లలోనే గ్రౌండ్ లూప్‌లు చాలా జరుగుతాయి. మరీ చేయిదాటుతోందనిపిస్తే ఒక్క క్షణం ఇంజిన్ పెంచితే ప్రొపెల్లర్ గాలి రడ్డర్ మీదకి కొట్టి దానికి ప్రాణం పోస్తుంది. ఆగాలనుకుంటున్నప్పుడు త్రాటిల్ ముందుకి తొయ్యడం మనసుకి ఎక్కదు, కానీ అది పనిచేస్తుంది. బ్రేకు మాత్రం ఆఖరి మాట, అదీ మెల్లగా. గట్టిగా పట్టేస్తే ముక్కు మీద నిలబడుతుంది.

ఎగిరి పడటం

కొత్తవాళ్ళు చెప్పే రెండో ఫిర్యాదు: ‘దించుతుంటే బంతిలా ఎగురుతోంది.’ స్ప్రింగుల్నో, రబ్బరు తాళ్ళనో తిడతారు. అసలు కారణం మళ్ళీ అదే బరువు.

నోస్‌వీల్ విమానం కొంచెం గట్టిగా దిగిందనుకోండి. పెద్ద చక్రాలు నేల మీద ఆగుతాయి, వాటికి ముందున్న బరువు ఇంకా కిందికే పోతుంది. ముక్కు దిగుతుంది, గాలికి రెక్కల కోణం తగ్గుతుంది, లిఫ్ట్ (పైకి ఎత్తే బలం) పోతుంది, విమానం నేలకి అతుక్కుంటుంది. టెయిల్‌వీల్‌లో పెద్ద చక్రాలు ఆగితే కిందికి పోయేది వాటి వెనకున్న బరువు. తోక దిగుతుంది, ముక్కు లేస్తుంది, రెక్కల కోణం పెరుగుతుంది, లిఫ్ట్ వస్తుంది, మళ్ళీ గాల్లో ఉంటాం. ఈసారి వేగం తక్కువ. అప్పుడు కంగారుపడి స్టిక్ ముందుకి తోస్తే మరీ గట్టిగా తగులుతుంది, మరీ పైకి ఎగురుతుంది. మొదటి ఎగురు చిన్నదైతే ముక్కుని కదలనివ్వకుండా పట్టుకుని కాస్త ఇంజిన్ ఇచ్చి మళ్ళీ మెల్లగా దింపుకోవచ్చు. పెద్దదైతే బేరాలు లేకుండా ఫుల్ పవర్ పెట్టి మళ్ళీ చుట్టు తిరిగి రావాలి.

రెండు రకాల ల్యాండింగ్‌లు పుట్టింది కూడా ఇక్కడే. ఒకటి త్రీ పాయింట్. విమానాన్ని నేలకి అడుగు ఎత్తులో దిగనివ్వకుండా పట్టి పట్టి, వేగం పూర్తిగా అయిపోయాక మూడు చక్రాలూ కలిపి వాలనివ్వడం. రెక్కలకి ఇక లిఫ్ట్ ఇచ్చే ఓపిక లేదు కాబట్టి ఎగిరి పడదు, వేగం తక్కువ, తోక చక్రం మొదటి నుంచీ నేల మీదే. రెండోది వీల్ ల్యాండింగ్. కొంచెం ఎక్కువ వేగంతో, తోక పైకి ఉంచి, రెండు పెద్ద చక్రాల మీదే దింపడం. తాకీ తాకగానే స్టిక్‌ని పిసరంత ముందుకి జరపాలి, రెక్కల కోణం తగ్గి నేలకి అంటుకునేలా. నేలకి దగ్గరగా ఉన్నప్పుడు స్టిక్ ముందుకి తొయ్యడం అంటే నోస్‌వీల్ పైలట్‌కి ప్రాణం మీదకి వచ్చినట్టే. ఇంతకాలం చెయ్యకూడదని నేర్పిందే ఇప్పుడు చెయ్యమంటారు. నాకు ఇది కుదరడానికి మూడు గంటలు పట్టింది. త్వరపడి తొయ్యడమో, భయపడి తొయ్యకపోవడమో.

పక్కగాలిలో ఏది మేలు అనే వాదన ఎంతకీ తెగేది కాదు. వీల్ ల్యాండింగ్‌లో వేగం ఉంటుంది కాబట్టి రడ్డర్ మాట వింటుంది, ముందు రన్‌వే కనబడుతుంది. కానీ ఎప్పుడో ఒకప్పుడు తోక దించాలి, అప్పుడు ఆ నీరసపు సెకన్లు తప్పవు. త్రీ పాయింట్‌లో ఆ సెకన్లు తొందరగా అయిపోతాయి, కానీ ముక్కు ఎత్తి ఉన్నంతసేపూ ముందు ఏమీ కనబడదు. విసురుగాలి ఉంటే నేను వీల్ ల్యాండింగే ఎంచుకుంటాను, మామూలు రోజుల్లో త్రీ పాయింట్. రెండూ రానివాడు మాత్రం గాలి చూసి ఇంట్లో కూర్చోవడం మంచిది.

ఏదైనా సరే, నేలని తాకే క్షణంలో విమానం ముక్కు వెళ్ళే దారికేసే ఉండాలి, పక్కకి జారకూడదు. పక్కగాలి ఉంటే గాలి వచ్చే వైపు రెక్క వంచి, రెండో కాలితో ముక్కు తిన్నగా పట్టి, ఒక్క చక్రం మీద దిగాలి. 172లో నేను చాలాసార్లు వంకరగానే దించాను. అది సర్దుకుంది, నేను బాగా దించాననుకున్నాను.

ఇక్కడే ఎర్‌కూప్ అనే విమానం గురించి చెప్పాలి. 1940లో అమెరికాలో వచ్చింది, డిజైన్ ఫ్రెడ్ వీక్ అనే ఇంజనీర్‌ది. నోస్‌వీల్ విమానం, మొదట్లో దానికి రడ్డర్ పెడల్సే లేవు! రడ్డర్‌ని చేతి చక్రానికే కలిపేశారు. మరి పక్కగాలిలో ఎలా దిగేది? వంకరగానే. ముక్కు గాలి వైపు పెట్టుకుని అలాగే దిగితే చక్రాలు దాన్ని తిన్నగా లాగేవి. బరువు ముందుంటే విమానం ఎంత సర్దుకుపోతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏముంటుంది! అదే పని టెయిల్‌వీల్‌తో చేస్తే చక్రాల దగ్గరున్న పట్టు ముక్కుని ఇంకా పక్కకి నెడుతుంది.

ఎగిరేముందు

టేకాఫ్ తక్కువ ప్రమాదం అంటారు గానీ కాళ్ళకి పని అక్కడే మొదలు. తోక కింద ఉన్నప్పుడు ప్రొపెల్లర్ వాలుగా ఉంటుంది, దాని కిందికి దిగే బ్లేడ్ పైకి లేచే బ్లేడ్ కంటే గాలిని గట్టిగా కొరుకుతుంది, ముక్కు ఎడమకి లాగుతుంది. మెలి తిరిగిన గాలి తోకకి కొట్టి ఇంకాస్త ఎడమకి తోస్తుంది. వేగం వచ్చాక తోక లేపుతాం కదా, ఆ క్షణంలో మూడోది తోడవుతుంది. తిరిగే ప్రొపెల్లర్ ఒక బొంగరం. బొంగరాన్ని ఒకవైపు వంచితే అది దానికి అడ్డంగా ఇంకోవైపు కదులుతుంది. తోక పైకి లేస్తే ముక్కు ఎడమకి పోతుంది. చటుక్కున లేపితే చటుక్కున పోతుంది. అందుకని తోకని మెల్లగా లేపుతూ, దాంతోపాటే కుడి పెడల్ పెంచాలి. ఇదంతా పైలట్ సీట్లోంచి చూస్తే ప్రొపెల్లర్ గడియారం ముల్లులా తిరిగే అమెరికన్ ఇంజిన్లకి. బ్రిటిష్ టైగర్ మాత్‌లో ప్రొపెల్లర్ ఎదురు తిరుగుతుంది, అక్కడ ఎడమ పెడల్ కావాలి. పాదానికి అలవాటైపోయిన పెద్దమనుషులు ఒకదాన్నుంచి ఇంకోదానికి మారి తికమకపడేది ఇందుకే.

ముక్కు ఎత్తి ఉంటే ముందేమీ కనబడదని చెప్పాను కదా, నేల మీద నడిపేటప్పుడూ అంతే. కబ్‌లో ఒంటరిగా ఎగిరేవాడు వెనక సీట్లోనే కూర్చోవాలి, బరువు సరిగ్గా ఉండాలంటే అంతే. ఇన్‌స్ట్రక్టర్ ఉంటే ఆయన భుజాలు, ఆయన టోపీ, దాని ముందు ఇంజిన్, ఇదే నా ప్రపంచం. అందుకని పాములా మెలికలు తిరుగుతూ నడిపి, ఒకసారి ఎడమ కిటికీలోంచి, ఒకసారి కుడి కిటికీలోంచి దారి చూసుకోవాలి. దిగేటప్పుడు కూడా మధ్యగీత కోసం వెతకకూడదు. రన్‌వే రెండు అంచులూ కంటి కొసల్లో సమానంగా ఉన్నాయా లేదా, అదే చూడాలి. ఇది చెప్పడం తేలిక. కళ్ళు ముందుకే పోతాయి, ముందున్నది టోపీ.

ఎందుకొచ్చింది, ఎందుకు పోయింది

ఇంత మొండి అమరికని మనుషులు దశాబ్దాల పాటు ఎలా భరించారు? భరించలేదు, వాళ్ళకి అంత మొండిగా అనిపించలేదు. తొలినాటి విమానాశ్రయాలు చాలావరకు రన్‌వేలు కావు, గడ్డి మైదానాలు. గాలి ఎటు వీస్తే అటు ముఖం పెట్టి దిగొచ్చు, పక్కగాలి అన్న మాటే తక్కువ. గడ్డి టైరుని కాస్త పక్కకి జారనిస్తుంది, తారులా కరిచి పట్టుకోదు. టైగర్ మాత్ లాంటివాటికి తోక చక్రం కూడా లేదు, ఒక ఇనప కొక్కెం నేలని గీస్తూ పోయేది. బ్రేకు కూడా అదే. తారు రోడ్డు లాంటి రన్‌వే వచ్చి, గాలి ఎటున్నా అదే దారిన దిగాల్సి వచ్చాక ఈ అమరికలోని చిక్కు బయటపడింది.

పైపర్ కంపెనీ 1951లో తన పేసర్‌కి చిన్న చక్రాన్ని తోక నుంచి ముక్కుకి మార్చి ట్రై-పేసర్ అమ్మింది. సెస్నా తన 170కి అదే పని చేసి 1956లో 172ని మార్కెట్‌లోకి తెచ్చింది. ఆ 172 ఇప్పటికి 44,000 పైనే తయారైంది, ప్రపంచంలో అంతకంటే ఎక్కువ తయారైన విమానం లేదు. మామూలు మనుషులకి విమానం నేర్పాలంటే ఏది కావాలో మార్కెట్ తేల్చేసింది. అందులో నాకు అభ్యంతరమేమీ లేదు, నేను నేర్చుకున్నదీ దాని మీదే.

మన దగ్గరా అంతే. స్వాతంత్ర్యం రాకముందే హైదరాబాద్ బేగంపేట నుంచి డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డీసీ-3లు టెయిల్‌వీల్ విమానాలే. నేల మీద నిలబడినప్పుడు లోపల గుట్ట ఎక్కినట్టు నడిచి ముందు సీట్లకి చేరేవారు ప్రయాణికులు. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ తయారుచేసిన హెచ్‌టీ-2 1951లో మొదటిసారి ఎగిరింది. వైమానిక దళంలో ఎంతోమంది బీదర్‌లోనూ, ఇంకా వేరేచోట్లా మొదటి పాఠాలు దాని మీదే నేర్చుకున్నారు. 1958లో ఎగిరిన పుష్పక్‌ని ఫ్లయింగ్ క్లబ్బుల కోసమే కట్టారు. రెండిటికీ చిన్న చక్రం తోక కిందే. వాటి కాలం అయిపోయాక మన క్లబ్బుల్లోనూ ఎక్కువగా సెస్నాలే కనిపిస్తున్నాయి. ఆ తరం వాళ్ళకి ఇదో ప్రత్యేక విద్య కాదు, విమానం అంటేనే అది. అందుకే ఫోన్‌లో పెద్దాయనకి అంత నవ్వు.

అలాగని టెయిల్‌వీల్ పూర్తిగా పోలేదు. అలాస్కాలో నది ఒడ్డున గులకరాళ్ళ మీద దిగాలంటే ఇదే కావాలి. ముక్కు కింద సున్నితమైన కాలు లేదు, ప్రొపెల్లర్ నేలకి ఎత్తుగా ఉంటుంది. పొలాలకి మందు కొట్టే విమానాలు చాలావరకు ఇవే. గాల్లో పల్టీలు కొట్టే పిట్స్, డెకాథ్లాన్‌లు కూడా ఇవే, బరువూ గాలి ఒరిపిడీ కాస్త తగ్గుతాయని.

గంటలు, కాగితాలు

అమెరికాలో ప్రైవేట్ లైసెన్స్ ఉన్నవాళ్ళు టెయిల్‌వీల్ నడపాలంటే కొత్త పరీక్ష రాయనక్కర్లేదు. ఇన్‌స్ట్రక్టర్ దగ్గర మామూలు గాలిలోనూ పక్కగాలిలోనూ టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు, తయారీదారు వద్దని చెప్పని విమానమైతే వీల్ ల్యాండింగ్‌లు, గో-అరౌండ్‌లు (దిగడం మానుకుని మళ్ళీ చుట్టు తిరిగి రావడం) నేర్చుకుని, ఆయన లాగ్‌బుక్‌లో సంతకం పెడితే చాలు. 1991 ఏప్రిల్ 15కి ముందే టెయిల్‌వీల్ విమానానికి కెప్టెన్‌గా ఎగిరి ఉంటే ఆ సంతకం కూడా అక్కర్లేదు. ఇన్ని గంటలని రూల్‌లో లేదు. ఎక్కువమందికి పది గంటలు అటూఇటూగా పడుతుంది, నాకు పద్నాలుగు పట్టింది. సంతకం తర్వాత అసలు అడ్డంకి ఇన్సూరెన్స్. టెయిల్‌వీల్ గంటలు ఎన్ని అని వాళ్ళు అడిగే ప్రశ్నకి రెండు వందల 172 గంటలు జవాబు కావు. దానికి నేను మొదట్లో కోపం తెచ్చుకున్నాను. గడ్డిలో ఆగిన రోజు తర్వాత తెచ్చుకోలేదు.

నేర్చుకోవాలనుకునేవాళ్ళకి నా సలహా, రోజూ ఎగరగలిగే వారం చూసుకోండి. శనివారానికి ఒక గంట చొప్పున పెడితే కాళ్ళు మధ్యలో మర్చిపోతాయి, నా పద్నాలుగులో నాలుగు గంటలు అలా పోయినవే. మొదటి రోజు ఎగరకుండా రన్‌వే మీద అటూఇటూ పరుగులు పెట్టించే ఇన్‌స్ట్రక్టర్ దొరికితే వదలకండి. మనసులో విసుగ్గా ఉంటుంది, డబ్బులిచ్చి నేల మీద తిరుగుతున్నామేమిటని. కానీ కర్ర నిలబెట్టే ఆట అక్కడే వస్తుంది.

సంతకం అయ్యాక కూడా ఇంకో నిబంధన వెంటాడుతుంది. ఎవరినైనా ఎక్కించుకుని ఎగరాలంటే గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండాలి. పగలు నోస్‌వీల్‌లో అయితే చక్రాలు తాకించి, ఆగకుండా మళ్ళీ పవర్ పెట్టి లేచిపోయినా లెక్కలోకి వస్తుంది. టెయిల్‌వీల్‌లో అలా కుదరదు. ప్రతిసారీ పూర్తిగా ఆగాలి. మొదటిసారి చదివినప్పుడు గుమాస్తా రాసిన రూల్ అనుకున్నాను, ఊరికే సతాయించడానికి. చక్రాలు తాకించి లేచిపోతే ఏం తప్పిపోతుందో ఇప్పుడు తెలుసు. రడ్డర్ నీరసపడే ఆ కొద్ది సెకన్లు. పోయిన నెలలో నాకు 90 రోజులు దాటిపోయాయి, పొద్దున్నే వెళ్ళి మూడు దించాను. మొదటిది ఎగిరింది. రెండోది వంకర. మూడోది బాగానే వచ్చింది, కానీ ఇంజిన్ ఆపి, చక్రాల కింద చెక్కలు పెట్టేదాకా కాళ్ళు ఊరుకోలేదు.